గదులు కడిగిన రోజు

1961 మార్చిలో ఒక గురువారం పొద్దున మాబు సాహెబు మూడు పనులు అనుకున్నాడు. ఎనిమిదింటికి డాక్టరు దగ్గరికి పోవాలి. పదకొండింటికి కొట్టుకు చేరాలి. మధ్యాహ్నం బొంబాయి సేటు వచ్చేసరికి ముక్కు పనిచేస్తూ ఉండాలి.

గుంటూరు మిర్చి బజారులో అంకమ్మరావు కొట్టులో అతనిది పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి వాసన చూసేవాడు. చెమ్మ ఎక్కిందో, బూజు పట్టిందో చెప్పేవాడు. అతను బాగుందన్న బస్తాకే మూతి కుట్టేవారు. అయితే నెల రోజులుగా అతనికి ఏ వాసనా తెలియడం లేదు. బుగ్గలు బరువు. వంగితే నొసట పోటు. గుప్పెడు ముక్కు దాకా తీసుకుపోయి, రంగు చూసి, "బాగుంది" అంటున్నాడు. ఈ సంగతి భార్య నసీమున్నీసా ఒక్కతెకే తెలుసు.

"రావుగారితో చెప్పెయ్యరాదూ," అంది ఆమె. "జలుబేగా."

"దర్జీకి కళ్ళు కనపడకపోతే ఎవరన్నా గుడ్డ ఇస్తారా?" అని మాబు సాహెబు చెప్పులు వేసుకున్నాడు.

డాక్టరు ఎక్స్‌రే ఫిలిమును కిటికీకి ఎత్తి పట్టాడు. ముక్కుకు అటూ ఇటూ, బుగ్గ ఎముకల లోపల, ఖాళీ గదులుంటాయని చెప్పాడు. ఒక్కో గదికి ముక్కులోకి సన్నటి దారి. జలుబు చేస్తే లోపలి పొర వాచి ఆ దారి మూసుకుంటుంది. ఊరిన నీరు బయటికి పోలేక చీము అవుతుంది. దీన్ని సైనసైటిస్ అంటారు. మందుతో తగ్గేదే ఎక్కువ. మాబు సాహెబుకు మందుతో తగ్గే దశ దాటింది.

"గదులు రెండూ నిండిపోయాయి సాయిబూ," అన్నాడు డాక్టరు. "తలుపులు మూసుకుపోయి గాలి ఆడటం లేదు. లోపల కుళ్ళింది. కడగాల్సిందే. ఇవాళే."

"కడగండి. రావుగారికి మాత్రం తెలియకూడదండీ. మధ్యాహ్నం సేటు వస్తున్నాడు. తెలిసిందంటే నా పని అయిపోయినట్టే."

తెర అవతల బల్ల మీద బుల్లయ్య కూర్చుని ఉన్నాడు. అంకమ్మరావు కొట్టు హమాలీలకు అతను మేస్త్రి. చెవిపోటుకు వచ్చాడు. ఒక చెవిలో మందు పోసి దూది పెట్టారు. రెండో చెవితో ఈ మాటలు విన్నాడు. కొట్టు వెనక కాయ నిలవ చేసే గదులు రెండు. డాక్టరుగారి పొలంలో పండిన కాయ కూడా అందులోనే ఉంది. కాయ కుళ్ళిన సంగతి ఆయనకు తెలిసిపోయింది, సాయిబు కాళ్ళావేళ్ళా పడుతున్నాడు అనుకున్నాడు. చెవి సంగతి మరిచిపోయి బజారుకు పరిగెత్తాడు.

డాక్టరు ముక్కులో మొద్దుబారే మందు పెట్టి, సూది గుచ్చి, ఉప్పునీళ్ళు పంపాడు. నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. చూడమన్నాడు. మాబు సాహెబు చూడలేదు. ముక్కు రెండు వైపులా దూది పెట్టబోతుంటే, "వాసన ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాడు.

"వారం, పది రోజులు. పెన్సిలిన్ సూదులు వేయించుకోవాలి. ఇవాళ మాత్రం రాదు."

మాబు సాహెబు దారి పొడుగునా ఆలోచించాడు. సేటు ముందు గుప్పెడు పట్టుకుని అబద్ధం చెప్పలేననుకున్నాడు. నిజం చెప్పి పోదాం అనుకున్నాడు. కండువాతో మొహం కట్టుకుని బజారు మలుపు తిరిగాడు.

బజారులో బస్తాలు రోడ్డు మీద ఉన్నాయి. మొదటి గది ఖాళీ అయింది. లేచిన ఘాటుకు ఇరవై కొట్ల వాళ్ళు తుమ్ముతున్నారు. అంకమ్మరావు కాయ కుళ్ళిందట అనే మాట అప్పటికే వీధి చివరికి పోయింది. కాయ నిలవ పెట్టిన రైతులు తమ బస్తాలు వెతుక్కుంటున్నారు. సేటు రెండు గంటలు ముందే దిగి, చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని చూస్తున్నాడు.

"నలభై బస్తాలు విప్పాం. ఒక్క కాయ పాడవలేదు," అంటున్నాడు అంకమ్మరావు. "ఏరా బుల్లయ్యా, నా పరువు రోడ్డు మీద ఆరబోశావు గదరా."

"ఆస్పత్రిలో సాయిబే అన్నాడయ్యా. ఈ చెవితో విన్నా. అడుగు, అదుగో వచ్చాడు."

మాబు సాహెబుకు సంగతి అర్థమైంది. ఊపిరి అందక నిలబడి, బస్తాల వైపు చెయ్యి ఊపాడు. "అవి కావు," అన్నాడు. తరువాత 'నా గదులు' అని చెప్పబోయాడు. ముక్కు నిండా దూది ఉన్నవాడికి 'నా' పలకదు.

"దా గదులు. దా గదులు."

అంకమ్మరావు మొహంలో రంగు పోయింది. పద్దెనిమిదేళ్ళుగా 'రండి' తప్ప ఎరగని మనిషి 'దా' అన్నాడు. అవి కావట, రమ్మంటున్నాడు. మిగిలింది రెండో గది.

"తియ్యండిరా అందులోవి," అని తనే ముందు పరిగెత్తాడు.

పై వరసలు బాగున్నాయి. గోడవార అడుగు వరస లాగితే గోనె చిరిగింది. లోపల కాయ తెల్లగా బూజు పట్టి ముద్ద కట్టి ఉంది. ముప్పై బస్తాలు. అన్నీ ఆ సాయంత్రం లారీ ఎక్కాల్సినవి. పది రోజుల కిందట అవి బాగున్నాయన్నది మాబు సాహెబే.

సేటు బస్తాలను చూశాడు, కండువా కట్టుకున్న మనిషిని చూశాడు. "ఆస్పత్రిలో కూర్చుని వాసన పట్టాడా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఆస్పత్రి నుంచే," అన్నాడు బుల్లయ్య. "నేను సాక్షి."

ఇకనుంచి ఈ మనిషి చూసిన కాయే కొంటానని సేటు అన్నాడు. మాబు సాహెబు అంకమ్మరావును గదిలోకి తీసుకుపోయాడు. ముక్కులో దూది లాగేసి నెల రోజుల సంగతి చెప్పాడు. "ఆ ముప్పై బస్తాలు నావల్లే పోయినయ్యండీ. నన్ను పంపించెయ్యండి."

అంకమ్మరావు తలుపు దగ్గరికి వేశాడు. "ఇంకెవరికన్నా చెప్పావా?"

"ఇంట్లో."

"ఆమెను కూడా ఎవరికీ చెప్పమాకమను. ఆ బస్తాలు బొంబాయిలో విప్పి ఉంటే ఈ కొట్టు ఉండేదా? ముందు దూది పెట్టుకో."

ఆ తరువాత డాక్టరు మాట ప్రకారం మాబు సాహెబు రోజూ పొద్దున కొట్టు వెనక దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతుంటే, అతను ముక్కుకు పదును పెట్టుకుంటున్నాడని బజారంతా అనుకుంది, పక్క వీధి వ్యాపారులు కూడా ఆవిరి పట్టడానికి పొయ్యిలు తెప్పించారు.