నల్ల అంచు నోటీసు

శుక్రవారం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వెలిజార్ ఒక పథకం వేశాడు. రొడోపి కొండల్లో ఓ చిన్న జలపాతానికి అతను ఇరవై తొమ్మిదేళ్ళుగా కాపలాదారు. జనం రావడం లేదు కనుక అక్కడి చౌకీ ఎత్తేస్తామనీ, సోమవారం వచ్చి చూసి తేలుస్తామనీ రాజధాని సోఫియాలోని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చౌకీ పోతే ఉద్యోగం పోతుంది. అతనికి వేరే పని రాదు, నేర్చుకునే ఓపిక అసలే లేదు.

కనుక ఓ నోటీసు రాశాడు. సోమవారం పదింటికి జలపాతం దగ్గరికి అందరూ రావాలనీ, దారి తానే చూపిస్తాననీ. నమ్మకం కలగాలని తన ఫొటో కూడా జతచేసి, ఊళ్ళో ప్రింటింగ్ షాపు నడిపే స్పాస్‌కి ఇచ్చి, దారి బాగుచేయడానికి లోయలోకి దిగిపోయాడు. అక్కడ ఫోను పనిచేయదు.

స్పాస్ షాపులో ఏడాది పొడుగునా అచ్చయ్యేవి చావు కబుర్లే. ఎవరు పోయినా ఫొటోతో, నల్ల అంచుతో కాగితం వేసి గుమ్మాలకీ చెట్లకీ అంటించి వస్తాడు. వెలిజార్ ఫొటో చూడగానే అతని చెయ్యి అలవాటు కొద్దీ నల్ల అంచు వేసేసింది. అలవాటు కొద్దీ ఊరంతా అంటించి కూడా వచ్చాడు. జనమూ తక్కువ తినలేదు. అంచు చూసి, ఫొటో చూసి శిలువ గుర్తు వేసుకున్నారు. ఎన్నింటికో, ఎక్కడో చూసుకుని వెళ్ళిపోయారు. మిగతాది ఎవరూ చదవలేదు. అలాంటి కాగితాల్లో మిగతాది ఎప్పుడూ ఒకటే.

సోమవారం లోయలోంచి పైకొచ్చిన వెలిజార్‌కి రెండు వందల మంది కనిపించారు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత పూలూ, పోయినవాళ్ళ పేరిట పంచిపెట్టే ఉడికించిన గోధుమల గిన్నెలూ కనిపించాయి. పక్కింటి ముసలమ్మ దోనా చేతిలో ఆరు పూలున్నాయి. పోయినవాళ్ళకి సరిసంఖ్యలోనే తేవాలి. ఆమె అతన్ని కిందా మీదా చూసి, ఒక పువ్వు తీసి జేబులో వేసుకుని, మిగిలిన అయిదూ అతని చేతిలో పెట్టింది.

"బతికే ఉన్నావట్రా? ముందే చెప్పొద్దూ? తెల్లారకముందే లేచి గోధుమలు ఉడకేశాను."

ఎటూ వచ్చాం కదా అని అందరూ జలపాతం చూశారు. పక్కనే పుట్టి పెరిగినా సగం మందికి అదే మొదటిసారి. గోధుమలు అక్కడే కూర్చుని తిన్నారు.

సోఫియా నుంచి వచ్చిన అధికారిణి తలలు లెక్కపెట్టి, ఇంత రద్దీ ఉన్న చోట చౌకీ ఎత్తేసే మాటే లేదంది. వెలిజార్‌కి ప్రాణం లేచొచ్చింది.

"కాకపోతే, దారిలో మీ కాగితం చూసి ఆఫీసుకి ఫోన్ చేసేశానండీ," అందామె. "మీ పేరు కొట్టేశారు. ఉద్యోగం ఖాళీగా ఉంది, దరఖాస్తు పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. కీర్తిశేషులు వెలిజార్ స్థానంలో వెలిజార్‌ని నియమించారు. ఆరు నెలలు పనితీరు చూసి పర్మనెంటు చేస్తారట.