‘మన తిరుపతన్న’ అరవై ఒక్క శాతం

“కార్యకర్త బ్యాటరీయే నా బ్యాటరీ. అది దిగిపోతుంటే చేతులు కట్టుకుని చూసే మనిషిని కాదు నేను” అని నియోజకవర్గ పార్టీ ఇన్‌ఛార్జి తిరుపతిరావు గారు గురజాలలో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు.

మన దేశంలో నాయకులకు కొదవ లేదు. రోడ్ల గురించి మాట్లాడినవారున్నారు, సాగర్ కాలువ నీళ్ల గురించి గొంతు పోయేలా మాట్లాడినవారున్నారు. కార్యకర్త చొక్కా జేబులోని బ్యాటరీ దాకా వెళ్లి ఆలోచించినవారు మాత్రం, నాకు తెలిసినంతలో, వీరొక్కరే.

సంగతేమిటంటే, అంతకు ముందు ఆదివారం సాయంత్రం సారు రెండు వందల పన్నెండు మంది కార్యకర్తలతో టెలికాన్ఫరెన్స్ పెట్టారు. ముందుగా తన బాల్యం, ఆ తర్వాత తన త్యాగాలు చెప్పి, అసలు విషయంలోకి వచ్చేసరికి లైన్‌లో పంతొమ్మిది మంది మిగిలారు. తక్కినవారి ఫోన్లన్నీ చార్జింగ్ అయిపోయి ఆగిపోయాయి. అదే సమయంలో అవతలి పార్టీ వాళ్ల ఫోన్లు మాత్రం ఏడింటికి కూడా నిక్షేపంగా మోగుతున్నాయని వేగుల ద్వారా తెలిసింది. ఈ తేడా ఎందుకు వచ్చిందో తేల్చడానికి సారు ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు.

ఛైర్మన్ నాగేంద్రబాబు గారు. పార్టీ సోషల్ మీడియా ఆయన చేతిలో ఉంది. రెండో సభ్యుడు, లైన్‌మన్‌గా రిటైరైన ఒక పెద్దమనిషి. బ్యాటరీలో ఉండేది కూడా కరెంటే కనుక ఆయన్ని తీసుకున్నారు. మూడోవాణ్ణి నేను. నా పేరు రఫీక్. గురజాల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాను. పార్టీ ఆఫీసు సరిగ్గా నా కొట్టు పైనే ఉంది. పిలిస్తే మెట్లెక్కి వస్తాను. అదే నా అర్హత.

మంగళవారం పొద్దున కమిటీ కూర్చుంది. లైన్‌మన్ గారు తెల్లవారుజామున వచ్చే కరెంటులో పస ఉండదని, అప్పుడు ఎక్కించిన చార్జింగ్ నిలవదని తన ముప్పై ఏళ్ల అనుభవం చెప్పారు. నాగేంద్రబాబు గారు అవతలి పార్టీ వాళ్లు టవర్‌ను మేనేజ్ చేసి ఉంటారని అనుమానించారు. రెండూ రాసుకున్నాం. అప్పుడు బాలకోటయ్య బాబాయ్ లోపలికి వచ్చాడు.

బాలకోటయ్య బాబాయ్‌ది కారంపూడి రోడ్డులో మాకు తొమ్మిది కిలోమీటర్ల అవతల పల్లె. అక్కడ గ్రామ కమిటీ అధ్యక్షుడు. ఇరవై ఆరేళ్లుగా పార్టీ జెండా ఆయన డాబా మీద ఉంది. పార్టీ గెలిచినా, ఓడినా, చీలినా, ఎండకు చినిగిన జెండా తీసేసి కొత్తది కుట్టించేది ఆయనే. మూడెకరాల్లో మిర్చి వేస్తాడు. ఆయన పార్టీని అడిగింది ఒక్కటే: మార్కెట్ కమిటీలో డైరెక్టర్ పదవి. పదవి వస్తే యార్డులో రేకుల షెడ్డు వేయించి, రైతుల మిర్చి వానకు తడవకుండా చూడాలని ఆయన ఆశ.

ఆయన రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది నాది, ఇది మా ఆడోళ్లది. ఒకే కొట్లో ఒకే రోజున ఒకే మోడల్ కొన్నాం. పొద్దున ఆరింటికి రెండూ ఫుల్లు. ఇప్పుడు సూడండి.”

టైము పదిన్నర. బాబాయ్ ఫోన్‌లో పదకొండు శాతం ఉంది. వాళ్లావిడ లక్ష్మమ్మ పిన్ని ఫోన్‌లో ఎనభై నాలుగు ఉంది.

నాగేంద్రబాబు గారు ముందుకు వంగారు. “మీ ఆవిడది ఏ పార్టీ?”

“మన పార్టీయే. ఓటు ఎవురికేస్తదో మాత్రం నేనెప్పుడూ అడగలా.”

ఛైర్మన్ గారు అది కూడా రాసుకున్నారు.

నేను రెండు ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచాను. ఇది పెద్ద విద్యేం కాదు. ఏది ఎంత చార్జింగ్ తింటున్నదో ఫోన్ తన లెక్క తానే చెబుతుంది. పిన్ని ఫోన్‌లో నాలుగు కాల్స్, ఒక గోంగూర పచ్చడి వీడియో తప్ప చెప్పుకోదగ్గవి లేవు. బాబాయ్ ఫోన్‌లో తెరకు పద్నాలుగు శాతం, కాల్స్‌కు ఆరు, ‘మన తిరుపతన్న’కు అరవై ఒకటి.

‘మన తిరుపతన్న’ అంటే పార్టీ యాప్. నాగేంద్రబాబు గారు గుంటూరులో తయారు చేయించి, ప్రతి కార్యకర్త ఫోన్‌లోనూ దగ్గరుండి ఎక్కించారు.

సరిగ్గా అప్పుడే సారు లోపలికి వచ్చారు. “ఏమయ్యా రఫీకూ, ఏం తేలింది?”

“యాప్ సార్. కార్యకర్త యాడున్నాడో తెలవటానికి జీపీఎస్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటది. పావుగంటకోసారి మీ బొమ్మ ఫుల్లు వెలుతురుతో తెర మీదకొస్తది. మూసేసినా లోపల నడుస్తానే ఉంటది. పల్లెల్లో సిగ్నల్ అంతంత మాత్రం. మీ సందేశం దిగేదాకా ఫోను టవర్ కోసం దేవులాడతానే ఉంటది. పైన మన ఎండ. బ్యాటరీ పాతదైతే ఇంక చెప్పక్కర్లేదు.”

“అంటే, మన కార్యకర్తల బ్యాటరీ తినేది...”

“మీరే సార్. అరవై ఒక్క శాతం.”

లైన్‌మన్ గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. నాగేంద్రబాబు గారు నన్ను చూసిన చూపుకు, కొట్టు ఖాళీ చేయాల్సి వస్తుందేమో అనుకున్నాను.

సారు ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ అంకె చూశారు. “నాగేంద్రా, మొన్న ఎలక్షన్లో మనకెంతొచ్చింది?”

“ముప్పై ఎనిమిది శాతం సార్.”

“పెట్టెల్లో ముప్పై ఎనిమిది. జేబుల్లో అరవై ఒకటి.” సారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. “మనవాళ్ల మనసులో ఏముందో ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయాం గదయ్యా!”

గొప్ప నాయకులకూ మామూలు మనుషులకూ తేడా ఇక్కడే ఉంది. నాకు ఆ అంకెలో పనికిమాలిన యాప్ కనిపించింది. సారుకు ప్రజాభిమానం కనిపించింది.

సాయంత్రానికి రెండో ప్రకటన వచ్చింది. చార్జింగ్ దిగడం లోపం కాదు, అభిమానం. ఎవరి ఫోన్‌లో ‘మన తిరుపతన్న’ శాతం ఎక్కువ ఉంటే వారే నిజమైన కార్యకర్త. పది రోజుల తర్వాత శుక్రవారం నాడు ఫోన్లన్నీ పరిశీలించి, అందరికంటే ముందున్నవారికి మార్కెట్ కమిటీ డైరెక్టర్ పదవి ఇస్తారు.

మర్నాటి నుంచి నా వ్యాపారం తలకిందులైంది. ఇన్నాళ్లూ చార్జింగ్ నిలవడం లేదని వచ్చినవాళ్లు ఇప్పుడు దిగడం లేదని రాసాగారు.

“భాయ్, అరవై ఆరు కాడ ఆగిపోయింది. డెబ్భై దాటించు.”

“కాల్స్ మాట్లాడటం తగ్గించు అన్నా. కాల్స్ తగ్గితే యాప్ వాటా పెరుగుద్ది.”

“అందుకే గదా, మా బావమరిది ఫోన్ కూడా ఎత్తటం మానేశా. ఇంకేమన్నా ఉంటే చెప్పు.”

ఒకాయన పాటలు తీసేశాడు. ఇంకొకాయన పిల్లల ఫొటోలు తీసేశాడు. వాటికీ చార్జింగ్‌కూ సంబంధం లేదని చెప్పినా వినలేదు, త్యాగం చేశానన్న తృప్తి ఉంటుందన్నాడు. నాగేంద్రబాబు గారు యాప్‌కు అప్‌డేట్ ఇచ్చి సారు బొమ్మను ఐదు నిమిషాలకోసారి వచ్చేలా చేశారు. ఫోన్లు జేబులో వేడెక్కసాగాయి. గుండె మీద వెచ్చగా ఉందంటే సారు అక్కడ ఉన్నట్టేనని ఆయన మెసేజ్ పెట్టారు.

బాలకోటయ్య బాబాయ్ డెబ్భై నాలుగుకు చేరాడు, తర్వాత డెబ్భై తొమ్మిది. ఒకరోజు లక్ష్మమ్మ పిన్ని గురజాల వచ్చి తిరిగి వెళ్తూ నా కొట్టు ముందు ఆగింది.

“రఫీకూ, మీ బాబాయి ఫోను మజ్జాన్నానికే చచ్చిపోతంది. చేలో ఉన్న మనిషిని అన్నానికి పిలవాలంటే గట్టు మీద నిలబడి కేకేస్తన్నా. ఇదేం పదవిరా?”

“షెడ్డు కోసం పిన్నీ.”

“ఆ షెడ్డు పడేసరికి నా గొంతు పోద్ది” అని బస్సెక్కింది.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి పార్టీ ఆఫీసు హాలు నిండిపోయింది. పోటీ ఫోన్లు తప్ప వేరే ఫోన్లు లోపలికి తేకూడదని నియమం పెట్టారు. నా దగ్గర ఫోన్ ఉంది కనుక నేను కింద కొట్లోనే ఉండి, పైన జరిగేది వింటూ కూర్చున్నాను. మూడున్నర దాటాక అది మోగింది. లక్ష్మమ్మ పిన్ని.

“రఫీకూ, మబ్బు నల్లంగా కమ్మింది! కళ్లంలో మిరపకాయంతా ఆరబోసుంది. కప్పే పట్టాలన్నీ మోటారు గదిలో ఉన్నయి, దానికేమో తాళం. తాళంచెవి యాడపెట్టాడో కనుక్కోరా. మీ బాబాయి ఫోను స్విచ్చాఫు.”

ఒక ఏడాది కష్టం కళ్లంలో ఎండుతోంది. ఫోన్ బల్ల మీద పడేసి మెట్లు ఎక్కాను.

హాల్లో పొడవాటి బల్ల మీద నలభై రెండు ఫోన్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. మధ్యాహ్నం పన్నెండింటికే నాగేంద్రబాబు గారు అంకెలు రాసుకున్నారు కనుక ఇబ్బంది లేదు. మొదటి వరసలో బాలకోటయ్య బాబాయ్ ఇస్త్రీ చొక్కాతో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభై మూడుతో ఆయనే మొదట ఉన్నాడని అందరికీ తెలిసిపోయింది.

నేను వంగి చెవిలో చెప్పాను. ఆయన బల్ల మీద తన ఫోన్ వైపు చేయి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

“ఎవురిదన్నా ఫోను ఉందా?” అని లేచి నిలబడ్డాడు. “ఒక్క మాట. ఇంటికి.”

ఎవరి దగ్గరా లేదు. అందరివీ బల్ల మీద ఉన్నాయి.

కింద నా ఫోన్ ఉందని నేను చెప్పేలోగానే విషయం సారు దాకా వెళ్లింది. మైకు అందుకున్నారు. “కార్యకర్తకు కష్టమొస్తే నాయకుడు చూస్తా ఊరుకుంటాడా? బాలకోటయ్యా, ఇదిగో నా ఫోన్!” హాలంతా చప్పట్లతో మోగింది. ఫొటోగ్రాఫరు మూడు ఫొటోలు తీశాడు.

బాబాయ్ కండువాతో చేయి తుడుచుకుని రెండు చేతులతో ఫోన్ అందుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. తెర మూలన తొంభై రెండు శాతం కనిపించింది.

“ఏమే, తాళంచెవి గూట్లో నూనె సీసా ఎనక ఉంది. పక్కింటి మణెమ్మను కూడా పిలువు. ముందు మంచి కాయ మీద కప్పండి. వస్తన్నా.”

మాట అయిపోయింది. ఫోన్ మాత్రం వెంటనే తిరిగి ఇవ్వలేదు. బొటనవేలితో తెరను ఒక పక్కకు జరిపాడు. ఇంకోసారి జరిపాడు. బస్తాలో చేయి పెట్టి కాయ చూసినంత నిదానంగా చూశాడు.

“ఏం వెతుకుతున్నావ్ బాలకోటయ్యా?” అన్నారు సారు మైకు పక్కకు పెట్టి.

“మీ బొమ్మ కనపడితే దణ్ణం పెట్టుకుందామని సార్. యాడా లేదు.”

“అది ఉంటే బ్యాటరీ నిలవదు గదయ్యా. నాకు పొద్దస్తమానం ఫోన్లొస్తుంటాయి.”

ఇంత దాపరికం లేని నాయకుణ్ణి నేను మళ్లీ చూడబోను.

బాబాయ్ మళ్లీ రెండు చేతులతోనే ఫోన్ తిరిగి ఇచ్చాడు. బల్ల మీద తన ఫోన్ వెతికి తీసుకుని జేబులో వేసుకున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన బండి స్టార్టయిన చప్పుడు వినిపిస్తుండగానే మైకులో ఆయన పేరు పిలిచారు. తెచ్చిన శాలువా ఎవరికో ఒకరికి కప్పాలి కనుక నాకు కప్పారు. ఇక డైరెక్టర్ పదవి విషయంలో పైనుంచి జాబితా అప్పటికే వచ్చేసిందని, అందులో సారు బావమరిది పేరు ఉందని ప్రకటించారు. ఆయన వాడేది బటన్ల ఫోన్. ఆదివారం చార్జింగ్ పెడితే మళ్లీ ఆదివారం దాకా వస్తుంది.

నాలుగుంపావుకు వాన పడింది. పిన్ని, మణెమ్మ కలిసి సగం కళ్లానికి పట్టాలు కప్పగలిగారు. తక్కిన సగం రంగుపోయి, ధర పలకని తాలు కాయ అయింది.

మర్నాడు బాలకోటయ్య బాబాయ్ కొట్టుకు వచ్చాడు. గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రటి బురద ఉంది. ఫోన్ నా ముందు పెట్టాడు.

“సారు ఫోన్ ఎట్టుందో నాది అట్టా చెయ్యి అబ్బాయ్.”

“అది ఖరీదైన మోడల్ బాబాయ్.”

“మోడల్ సంగతి కాదు. నేను మొత్తం సూశా గదా.”

యాప్ తీసేశాను. అర నిమిషం పట్టింది. తెర మీద నుంచి సారు బొమ్మ పోయి, వెనకాల ఎప్పటిదో మనవరాలి ఫొటో బయటపడింది. ఆయన దాన్ని కాసేపు చూసుకున్నాడు.

“మరి జెండా దించేస్తావా బాబాయ్?”

“జెండా ఎందుకు దించుతా? దానికి చార్జింగ్ అక్కర్లా గదా” అని జేబులో ఫోన్ వేసుకుని వెళ్లాడు.

వారం తిరిగేసరికి సంగతి పొక్కింది. సాయంత్రం ఆరింటికి బాలకోటయ్య ఫోన్‌లో డెబ్భై ఒక్క శాతం ఉండగా కళ్లారా చూసినవారు దొరికారు. క్రమశిక్షణా రాహిత్యం కింద షోకాజ్ నోటీసు తయారైంది. పార్టీలో కాగితాలు వాడటం మానేశారు కనుక నోటీసు యాప్‌లోనే పెట్టారు. నిబంధన ప్రకారం ముందు సారు తన ఫోన్‌లోని యాప్ తెరిచి ఆమోదం నొక్కాలి. ఆ తర్వాత బాలకోటయ్య తన ఫోన్‌లోని యాప్ తెరిచి, వారంలోగా సంజాయిషీ రాయాలి.

నిన్నటికి పంతొమ్మిది రోజులైంది. ఆమోదమూ రాలేదు, సంజాయిషీ కూడా రాలేదు. నాగేంద్రబాబు గారు మాత్రం రోజూ మధ్యాహ్నం మెట్లు దిగి వచ్చి, చచ్చిపోయిన తన ఫోన్‌ను నా కొట్లో చార్జింగ్ పెట్టించుకుని, నోటీసు అలాగే ఉందో లేదో చూసుకుని వెళ్తున్నారు.