అన్నపూర్ణేశ్వరి క్షీరదీక్ష

సోమవారం పొద్దున అన్నపూర్ణేశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆస్పత్రివాళ్లిచ్చిన పొడిని పాలల్లో కలుపుకుని తాగాలి, ఆఫీసుకు వెళ్లాలి, ఎవరికీ ఏమీ చెప్పకూడదు. ఆపరేషన్‌కు ముందు పన్నెండు రోజులు ద్రవాహారం తప్ప మరేదీ ముట్టకూడదన్నారు. ఆ తరువాత సాకేత్‌లోని ఆస్పత్రిలో ఆమె పొట్టను అరటిపండంత చేసి ఇంటికి పంపిస్తారు.

అక్కడిదాకా రావడానికి ఆమె తక్కువ పాట్లు పడలేదు. దేశ రాజధానిలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఊళ్లోవాళ్లందరి ఫైళ్లూ కదిలించే మనిషి తన ఆపరేషన్ ఖర్చు ఫైలు కదిలించుకోవడానికి ఏడాది తిరిగింది. "పార్కులో నాలుగు రౌండ్లు నడవొచ్చు కదా మేడమ్" అన్న ప్రతి అధికారికీ మోకాళ్ల ఎక్స్‌రే తీసి చూపించింది. షుగరు చెప్పింది, రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగిపోవడం చెప్పింది. ఇలాగే వదిలేస్తే గుండె ఊరుకోదని డాక్టర్లు అన్న సంగతి కూడా చెప్పింది. చివరికి అనుమతి వచ్చింది. ఇక మిగిలింది ఆస్పత్రిలోని మానసిక వైద్యురాలు డాక్టర్ మల్హోత్రా సంతకం ఒక్కటే.

ఆ సంతకమే ఇరుక్కుపోయింది. పోయినవారం మాటల మధ్యలో ఆ డాక్టరు బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపింది. అన్నపూర్ణేశ్వరికి ఆకలి లేదు. కానీ పెట్టిన మనిషి చిన్నబుచ్చుకుంటుందని ఒకటి తీసుకుంది. ఇంకొకటి తీసుకోమంటే ఇంకొకటి తీసుకుంది. డాక్టరు పళ్లెం వెనక్కి లాక్కుని పెన్నుకు మూత పెట్టేసింది.

"అన్నపూర్ణా జీ, మీ ప్రాబ్లమ్ ఆకలి కాదు, మొహమాటం," అంది హిందీలో. "రేపు పొట్ట ఇంతే మిగిలాక ఎవరో బలవంతపెట్టారని తింటే తిన్నగా ఎమర్జెన్సీకే వస్తారు. మీ వాళ్లకి నిజం చెప్పండి. 'వద్దు' అనడం నేర్చుకోండి. శుక్రవారం వీడియో కాల్ చేస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టను."

శుక్రవారంలోగా ఎప్పుడో చెబుదాం, ఇవాళ మాత్రం కాదు అనుకుంది. కానీ సోమవారం పొద్దున్నే తలుపు తీసేసరికి ఎదురుగా రాజేశ్వరమ్మ, ఆవిడ చేతిలో వేడివేడి గారెల డబ్బా.

పై అంతస్తులో ఉండే రాజేశ్వరమ్మ ఆర్.కె. పురం క్వార్టర్సులోని తెలుగు ఆడవాళ్లందరికీ పిన్నిగారు, పెద్ద దిక్కు. మూడేళ్ల కిందట బెంగుళూరులో అక్కగారింటికని వెళ్లి నెల్లాళ్లకు తిరిగొచ్చింది. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైపోయింది. రహస్యమేమిటని అందరూ వెంటపడితే, శుక్రవారం ఉపవాసం, సంకల్పబలం అని చెప్పింది. ఆనాటి నుంచీ ఏ పేరంటంలోనైనా ఆవిడ తినేది రెండు చెంచాలే. ఆ నిగ్రహం చూసి అందరూ చెంపలు వేసుకునేవారు. ఎదురింటి లలితకుమారైతే రెండేళ్లుగా ప్రతి శుక్రవారం పస్తుంటూ, మిగతా ఆరు రోజులూ ఆ బాకీ తీర్చుకుంటూ వస్తోంది.

"వేడిగా రెండు తిను అన్నపూర్ణా," అంది రాజేశ్వరమ్మ.

అన్నపూర్ణేశ్వరి పాల గ్లాసు పట్టుకుని నీళ్లు నమిలింది. "అంటే పిన్నిగారూ... నేను... వ్రతంలో ఉన్నాను."

"ఏ వ్రతం?"

ఆమె భర్త రాధాకృష్ణమూర్తి ఆడిట్ శాఖలో పనిచేస్తాడు. ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబివ్వడం ఆయనకు ఉద్యోగధర్మం. పేపరు మీంచి తల ఎత్తి, భార్య చేతిలో గ్లాసు చూసి, "క్షీరదీక్షండీ," అన్నాడు. "మా వైపు ఆచారం. పాలు తప్ప ముట్టకూడదు."

ఆ మాటతో గారెల డబ్బా వెనక్కి వెళ్లింది. కానీ వార్త ముందుకు వెళ్లింది. సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి నలుగురు ముత్తయిదువలు తాంబూలాలతో గుమ్మంలో ఉన్నారు. మంగళవారానికి ఇద్దరు ఆమె కాళ్లకు పసుపు రాశారు. బుధవారం లలితకుమారి వచ్చి, కథ లేని వ్రతం ఉండదు కదా, ఆ కథేదో ఇస్తే మేమూ చదువుకుంటామంది.

"మమ్మీ, జస్ట్ టెల్ దెమ్ నా! ఇత్‌నా డ్రామా క్యోఁ?" అంది కూతురు ప్రణతి.

"ఇప్పుడు చెబితే అబద్ధం ఆడానంటారే," అంది అన్నపూర్ణేశ్వరి.

"అబద్ధమే కదా?" అంది ప్రణతి, ఆ ఒక్క ముక్కా శుద్ధమైన తెలుగులో.

కథ రాసే భారం రాధాకృష్ణమూర్తి మీద పడింది. ఆయన జీవితంలో రాసినవన్నీ ఆఫీసు నోట్లే. 'పూర్వము కాశీనగరమున ఒక వైశ్యుడుండెను. అతని భార్య తన కష్టములను వివరించుచు దేవికి మొరపెట్టుకొనగా, సదరు మొరను దేవి కూలంకషముగా పరిశీలించి, క్షీరదీక్ష చేయవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించెను' అని రాసి, తృప్తిగా ఒకసారి చదువుకుని ఇచ్చాడు. ఆడవాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు.

గురువారం రాజేశ్వరమ్మ ఉత్తర్వు వచ్చింది. ఏ దీక్షకైనా అయిదో రోజున ఉద్యాపన చెయ్యాలట. శుక్రవారం పొద్దున పదకొండు మంది ముత్తయిదువలు తలో ప్రసాదం చేసుకుని వస్తారట. అన్నపూర్ణేశ్వరి వద్దందామనుకుంది. నోట్లోంచి "సరే పిన్నిగారూ" వచ్చింది.

శుక్రవారం హాలంతా పట్టుచీరలు. వంటింటి గట్టు మీద పులిహోర, బూరెలు, దద్దోజనం, చక్కెరపొంగలి, పరమాన్నం, వడపప్పు. ఆచారం ప్రకారం వ్రతం పట్టిన మనిషి ముందు ప్రసాదం తిన్నాకే మిగతావాళ్లు ముట్టాలి. కథ అయింది, హారతి అయింది. పదకొండు మంది ఆకలి కళ్లూ అన్నపూర్ణేశ్వరి మీదికి తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

ఆమె ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. తెర మీద డాక్టర్ మల్హోత్రా కళ్లు చిట్లించింది.

"అన్నపూర్ణా జీ, మీ వెనక ఆ ఫుడ్ అంతా ఏమిటి?"

"నాది కాదు మేడమ్."

"మరి ఎవరిది?"

ఆమె ఫోను పక్కకు తిప్పే లోపల రాజేశ్వరమ్మ బూరె పట్టుకుని వచ్చేసింది. వెనకాలే మిగతావాళ్లు గుమ్మం నిండా నిలబడ్డారు. "ఫోను తరవాత మాట్లాడొచ్చు. ముందిది నోట్లో వేసుకో. అవతల అందరూ ఆకలికి మాడిపోతున్నారు!"

బూరె పెదవుల దాకా వచ్చింది. నెయ్యి వాసన ముక్కుకు తగిలింది. ఒక్క ముక్క కొరికితే పదకొండు మందీ సంతోషిస్తారు. ఇన్నేళ్లూ ఆమె అలాగే ఒక్కొక్కరినీ సంతోషపెడుతూ వచ్చింది. ఆ సంతోషాలన్నీ ఇప్పుడు తన మోకాళ్ల మీద, గుండె మీద కూర్చున్నాయని ఆమెకు హఠాత్తుగా తోచి, ఒళ్లు మండింది.

"వద్దు," అంది.

"శాస్త్రానికి ఒక్క ముక్క..."

"వద్దన్నాను కదా పిన్నిగారూ!" ఆ గొంతు హాల్లో రాధాకృష్ణమూర్తికి కూడా వినిపించింది. "ఇది వ్రతం కాదు. దీక్షా కాదు. ఆ కథ మా ఆయన సోఫాలో కూర్చుని రాశాడు. నేను బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుంటున్నాను. పొట్ట చిన్నది చేయించుకుంటున్నాను. ఇన్నాళ్లూ చెప్పడానికి సిగ్గుపడ్డాను, ఇక పడను!"



"పొట్ట కోయించుకుంటావా!" రాజేశ్వరమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నోరు కట్టేసుకోలేక కత్తి దాకా వెళ్తావా? సంకల్పం ఉండాలమ్మా. నన్ను చూడు!"

"చూస్తూనే ఉన్నానండీ. పదేళ్లు సంకల్పించాను. మెంతులు నానబెట్టి తాగాను, నడిచాను, పస్తున్నాను. తగ్గిందంతా తిరిగొచ్చింది. రాత్రి ఊపిరాడక లేచి కూర్చునేది నేను. మీకు నచ్చినా నచ్చకపోయినా చేయించుకునే తీరతాను."

"అసలు ఈ బుద్ధులు నేర్పుతున్న డాక్టరెవరు? ఇలా ఇయ్యి, నేను అడుగుతాను!" రాజేశ్వరమ్మ ఫోను లాక్కుంది. తెర వైపు చూసింది. ఆవిడ ముఖంలో కోపమంతా ఒక్కసారిగా పోయి, ఎంతోకాలానికి చుట్టం కనబడ్డట్టు విప్పారింది.

"అరే మేడమ్! ఆప్‌నే బాల్ కటవా లియే? అయ్యయ్యో, నడుం దాకా ఉండే జడ కత్తిరించేశారే!"

డాక్టర్ మల్హోత్రా రెప్పయినా వెయ్యలేదు. పేషెంట్ల గుట్టు ముఖంలో కనబడనివ్వకపోవడం ఆవిడ వృత్తి. కానీ రాజేశ్వరమ్మ ముఖానికి ఆ శిక్షణ లేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, మెల్లిగా బియ్యం డబ్బా మీద కూలబడింది. రెండు చెంచాల తిండి, బెంగుళూరు అక్కగారు, సంకల్పబలం, అన్నీ ఒకదాని తరువాత ఒకటి అందరి కళ్లముందూ తిరిగాయి.

ముందుగా తేరుకున్నది లలితకుమారి. "పిన్నిగారూ," అంది, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో, "రెండేళ్ల శుక్రవారాలండీ! మా ఆయన బిర్యానీ తెచ్చుకుని ఎదురుగా తింటుంటే మంచినీళ్లు తాగానండీ!" ఆ మాటతో పాటే పళ్లెంలోంచి ఒక బూరె తీసి నోట్లో వేసుకుంది. ఇక ఎవరూ ఆచారం కోసం ఆగలేదు.

అన్నపూర్ణేశ్వరి ఫోను తిరిగి తీసుకుంది. బియ్యం డబ్బా మీద ఉన్న ఆవిడను చూస్తే కోపం రాలేదు. తను అయిదు రోజులు మోసిన అబద్ధాన్ని ఆవిడ మూడేళ్లు మోసింది. వెళ్లి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. రాజేశ్వరమ్మ తల ఎత్తకుండానే, "మొదటివారం నొప్పిగా ఉంటుందే. దిండు పొట్టకు ఆనించుకుని దగ్గు," అంది.

"అన్నపూర్ణా జీ," అంది డాక్టరు, "సంతకానికి ముందు ఇంకొక్క సెషన్ పెట్టుకుందామా?"

"వద్దు మేడమ్."

డాక్టరు నవ్వి పెన్ను మూత తీసింది.

మరుసటి శుక్రవారం ఆర్.కె. పురం తెలుగువాళ్లలో ఎవరూ ఉపవాసం ఉండలేదు, శనివారం పొద్దున ఆపరేషన్ ఉన్న అన్నపూర్ణేశ్వరి తప్ప.