పాలు తాగిన గది

ఆ రోజు పొద్దున ఉమామహేశ్వర్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. జిలాని మేస్త్రీ వెనక గది మిద్దె మీది బీట పూడుస్తాడు, లోపలి గోడలకు మట్టి మెత్తి పైన సున్నం పూస్తాడు. రేపు మధ్యాహ్నం కొమరోలు బస్సు దిగే అక్క వెంకాయమ్మ తన పెట్టెను నేరుగా తెచ్చి ఆ గదిలో దింపుకుంటుంది. ఇందులో చెడిపోవడానికి ఏముందో అతనికి తోచలేదు. మార్కాపురంలో పలకల దుకాణం నడిపే మనిషి, ఏ పలక ఎప్పుడు విరుగుతుందో వేలితో తట్టి చెప్పగల మనిషి, సొంత ఇంటి విషయంలో మాత్రం అంతకుమించి ఆలోచించే అలవాటు లేనివాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్ళో కలిగినవాళ్ళు సిమెంటు పర్మిట్ల కోసం కర్నూలు చుట్టూ తిరుగుతుంటే, తాతలనాటి రాతి మిద్దెకు సున్నమూ మట్టీ చాలని ఉమామహేశ్వర్లు నిబ్బరంగా ఉండిపోయాడు. ఇల్లు గట్టిదే. వెనక గది ఒక్కటే పాడు. అతని నాయనమ్మ, జేజి నాగరత్నమ్మ ఆ గదిలోనే బతికి, ఆ గదిలోనే పోయింది. ఆమె తర్వాత అందులో ఎవరూ పడుకోలేదు. రోహిణి కార్తెలో కూడా ఆ గోడలు చల్లగా ఉండేవి. లోపల నిలబడి ఎవరైనా మాట్లాడితే, ఆ మాట ఒక క్షణం ఆగి తిరిగి వచ్చేది. అందుకని ఇంట్లోవాళ్ళు ఆ గదిలో పని ఉంటే మాట్లాడకుండా చేసుకుని వచ్చేసేవాళ్ళు.

వెంకాయమ్మ భర్త పోయి ఏడాది అయింది. మరుదులు ఆమెను ముందు వసారాలోకి మార్చారు, తర్వాత వసారా కూడా కావాలన్నారు. తమ్ముడి ఇల్లు తప్ప ఆమెకు నిలువ నీడ లేదు. ఉమామహేశ్వర్లు భార్య సరస్వతమ్మ చెడ్డ మనిషేం కాదు గానీ, తన వంటింట్లో ఇంకో ఆడమనిషి చాప పరుచుకోవడం ఆమెకు గిట్టదు. రేపటికి గది సిద్ధమైతే ఉండమను, కాకపోతే ఎల్లుండి అదే బస్సెక్కించు అని తేల్చి చెప్పింది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నదే. అక్క బతుకు ఒక గోడ పూత మీద నిలబడి ఉందని ఉమామహేశ్వర్లుకు తెలుసు.

అతను దుకాణానికి బయలుదేరుతుంటే జిలాని ఎదురొచ్చాడు. సున్నం బండి ఇంకా రాలేదనీ, అంతలోపల మట్టి మెత్తుదామంటే మట్టి చాలదనీ, పెరట్లో గోడవారన ఉన్న పాత పుట్ట మన్ను మెత్తడానికి బలే జిగటగా ఉంటుందనీ, తీసుకోమంటే తీసుకుంటాననీ అన్నాడు.

"ఏ మన్నైనా తీసుకో మేస్త్రీ. రేపటికి నాకు గది కావాల," అని ఉమామహేశ్వర్లు చెప్పులు తొడుక్కున్నాడు.

పుట్ట అనగానే ఎవరికైనా గుర్తు రావలసిన సంగతి ఒకటుంది. మర్నాడు నాగుల చవితి. వీధిలోని ఆడవాళ్ళందరూ పాల చెంబులు పట్టుకుని ఆ పుట్ట దగ్గరికే వస్తారు. కానీ ఉమామహేశ్వర్లు లెక్కలో రేపు అంటే అక్క వచ్చే రోజు, అంతే.

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి ఆకాశం నల్లగా దిగి ఉంది. జిలాని లేడు. దోర్నాలలో బావమరిదికి ప్రాణం మీదికి వచ్చిందని కబురొస్తే, ఉన్నపాటున లారీ ఎక్కిపోయాడట. పోతూపోతూ గది లోపలి తలుపుకు అవతల గడియ పెట్టి, పెరటి తలుపుకు తాళం వేసుకుని, చెవి తనతోనే తీసుకుపోయాడట. మధ్యాహ్నమంతా సరస్వతమ్మ గుడిలో ఉంది కాబట్టి పక్కింటివాళ్ళు చెప్పిందే ఆమెకు తెలుసు. సున్నం బండి సంగతి వాళ్ళు చెప్పలేదు, ఈమె అడగలేదు. మొగులు చూసి బండి రాలేదు కాబోలు అనుకుని ఉమామహేశ్వర్లు దిగాలుగా కాళ్ళు కడుక్కున్నాడు.

దీపాలు పెట్టే వేళకు వాన పట్టుకుంది. కాసేపటికి సరస్వతమ్మ మెల్లగా పిలిచింది. ఆమె వెనక గది తలుపు ముందు దీపం పట్టుకుని నిలబడి ఉంది. అతను ఏమిటని అడగబోతే వేలు పెదవి మీద పెట్టుకుంది.

లోపల ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి పీలుస్తున్నట్టు సన్నని చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి పొడుగ్గా. తలుపు కింది సందులోంచి తెల్లటి ఆవిరి నేల మీదుగా పాకుతూ వచ్చి వాళ్ళ పాదాల దగ్గర ఆగింది. దీపం పక్కకు వంగింది. ఉమామహేశ్వర్లు ధైర్యం చేసి గోడ మీద చెయ్యి వేశాడు. ఏనాడూ చల్లదనం వదలని గోడ, జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. చెయ్యి తీసేలోగా లోపల టప్‌మని ఏదో విరిగింది. ఒకటి, తర్వాత ఇంకొకటి, ఆగి ఆగి.

"జేజి," అంది సరస్వతమ్మ. నాగరత్నమ్మకు పడుకోబోయే ముందు చేతి మెటికలు ఒక్కొక్కటే విరుచుకోవడం అలవాటు.

అది విని అతను రెండడుగులు వెనక్కి వేశాడు. సరస్వతమ్మ మాత్రం ఆలస్యం చేయకుండా గొడుగు వేసుకుని, పుట్టకు మొక్కివద్దామని పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగానే తిరిగి వచ్చి, పుట్ట లేదని చెప్పింది. వానకు కరిగిపోయి ఉంటుందని అతను గొణిగాడు.

"వాన పార పట్టుకొని తవ్వుతాదా?" అని అడిగిందామె. ఇక దాచి లాభం లేక అతను జరిగింది చెప్పాడు. సరస్వతమ్మ కోప్పడలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "రేపు చవితి. వీధంతా మన పెరట్లోకే వస్తాది," అని మాత్రం అంది. ఆ రాత్రి ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు.

తెల్లవారింది. వాన తెరిపి ఇచ్చింది. ఆడవాళ్ళు తడిజుట్టు ముడులతో, పాల చెంబులతో పెరట్లోకి వచ్చి, పుట్ట ఉండవలసిన చోట చదునైన నేలను చూసి నిలబడిపోయారు. ఉమామహేశ్వర్లు చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధం చేసుకునే లోపల, తాళం వేసిన గదిలోంచి బుస్సుమని వినిపించింది. ఆ చప్పుడు అతన్ని జవాబు చెప్పే పని నుంచి కాపాడింది, అంతకంటే పెద్ద చిక్కులోకి తోసింది.

గుడి అయ్యవారిని పిలిపించారు. ఆయన గోడకు అయిదు బారల దూరంలో నిలబడి విని, ఇల్లు పోగొట్టుకున్న నాగేంద్రుడు ఇంట్లోనే చేరాడనీ, మంట మీద ఉన్నాడనీ, పాలు పోసి చల్లబరచాలనీ చెప్పాడు. గోడకు పైన జానెడు గవాక్షం ఉంది. నిచ్చెన వేశారు. ఇంటావిడ కాబట్టి మొదటి చెంబు సరస్వతమ్మదే. పాలు లోపల పడ్డాయి. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత గది గుర్రుమంది. గవాక్షంలోంచి తెల్లటి ఊపిరి ఎగదన్నింది.

దేవుడు పలకకపోతే మనుషులు మామూలుగా దండం పెట్టి ఇంటికి పోతారు. పలికితే పోరు. ఆ వీధిలో ప్రతి ఇంటి చెంబూ నిచ్చెన ఎక్కింది, ప్రతి చెంబుకూ జవాబు వచ్చింది. చెంబులవాళ్ళు బిందెలకు దిగారు. పక్క వీధివాళ్ళు వచ్చారు. ఎవరి పాలకు ఎంత బుస వచ్చిందో పోల్చుకుని, తక్కువ వచ్చినావిడ ఇంటికి పోయి ఇంకో చెంబు తెచ్చింది. సరస్వతమ్మ నిచ్చెన పక్కన నిలబడి వరుస తప్పకుండా చూస్తోంది. నిన్నటిదాకా ఆమెను పేరు పెట్టి పిలిచిన ఆడవాళ్ళు ఈ పూట అమ్మా అంటున్నారు.

చివరికి అయ్యవారు ఇంటి యజమానిని కూడా ఎక్కమన్నాడు. ఉమామహేశ్వర్లు ఎక్కి, గవాక్షంలో మొహం పెట్టాడు. లోపల చీకట్లో తెల్లగా ఏదో ఉబ్బుతూ కదులుతోంది. "పొరపాటైంది జేజీ," అని గుసగుసలాడాడు. "నేనే తవ్వమన్నా. అక్కకు చోటు కావాలని." పాలు ఒంపాడు. వేడి ఊపిరి అతని మొహానికి కొట్టింది. లోపల మళ్ళీ మెటికలు విరిగాయి. కళ్ళు మండి ధారగా నీళ్ళు కారుతుంటే కిందికి దిగాడు. అంతటి భక్తి తాము ఎక్కడా చూడలేదని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పుకున్నారు.

మధ్యాహ్నానికి గది శాంతించింది. అయ్యవారు ఆ ఘనత కొంత తన ఖాతాలో వేసుకుని, ఇక మండలం రోజుల దాకా ఆ తలుపు తెరవకూడదనీ, ఆ గోడ ముట్టకూడదనీ శాసించాడు. ఉమామహేశ్వర్లుకు అంతా విన్నాక ఒక్కటే అర్థమైంది. గది పోయింది. అక్క పోయినట్టే.

వెంకాయమ్మ రేకుపెట్టె మోసుకుంటూ అప్పుడే వచ్చింది. సరస్వతమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, జరిగిందంతా చెప్పి, రేపటి బస్సు సంగతి కూడా నెమ్మదిగానే చెప్పింది. వెంకాయమ్మ తల ఊపి, కాళ్ళు కడుక్కుంటానని బావి దగ్గరికి పోయింది. తమ్ముడు ఆమె మొహం చూడలేక బావి వెనక్కి పోయి నిలబడ్డాడు.

అక్కడే జిలాని దొరికాడు. దోర్నాల నుంచి అప్పుడే దిగి, వాకిట్లో జనాన్ని చూసి దొడ్డిదారిన వచ్చాడు. బావమరిదికి నయమైంది, కానీ మేస్త్రీ మొహంలో కంగారు ఉంది.

"సున్నం తడవలేదు గదా శెట్టీ? నువ్వు దుకాణానికి పోయినాక బండి వచ్చినాది. వాన వస్తాదేమోనని రాళ్ళ సున్నమంతా గదిలో పోయించి, పైన గోనెలు కప్పి, పిల్లోళ్ళు ముట్టుకుంటారని బీగం వేసుకొని పోయినా. మిద్దె మీద బీట తవ్వి వదిలేసినానని లారీ ఎక్కినాక మతికొచ్చినాది."

ఉమామహేశ్వర్లు బావి గట్టు మీద కూలబడ్డాడు. కాల్చిన సున్నపురాళ్ళ మీద నీళ్ళు పడితే ఏమవుతుందో పసిపిల్లలకు కూడా తెలుసు. బుసకొడుతుంది, పొగలు కక్కుతుంది, టపటపా పగులుతుంది. రాత్రి వాన మొదలుపెట్టిన పనిని వీధంతా కలిసి పాలతో పూర్తి చేసింది. ఈ మాట బయటికి చెప్తే గది దక్కుతుంది, కానీ అయ్యవారి పరువూ, భార్య పరువూ, రెండు వీధుల పరువూ సున్నంలో కలుస్తాయి. ఆ తర్వాత అక్కను ఆ ఇంట్లో ఎవరు ఉండనిస్తారు? చెప్పకపోతే గదే లేదు.

"బీగంచెవి ఇట్లియ్యి అన్నా," అంది వెంకాయమ్మ జిలానితో. కాళ్ళు కడుక్కుంటూ ఆమె అంతా విన్నది.

ఆమె ఒక్కతే తాళం తీసి లోపలికి పోయి తలుపు మూసుకుంది. తాళం తీసిన చప్పుడు విని వాకిట్లో జనం పరుగున వచ్చి పెరట్లో గుమిగూడారు. మూసిన తలుపు వెనక ఏ చప్పుడూ లేదు. అయ్యవారు కళ్ళు మూసుకుని ఏదో చదవడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆమె రాకపోయేసరికి సున్నం సంగతి తెలిసిన ఉమామహేశ్వర్లుకు కూడా అనుమానం పుట్టింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. వెంకాయమ్మ కొంగు చివర కుడిచేతి వేలికి చుట్టుకుని నిలబడి, లోపలికి వచ్చి చూడమంది.

గది మధ్యలో సున్నం, మీగడ తేరినట్టు తెల్లగా, ఇంకా సన్నగా పొగలు చిమ్ముతూ ఉంది. కాలిన గోనె ముక్కలు అంచుల్లో అంటుకుని ఉన్నాయి.

ఆ నిలబడ్డవాళ్ళలో ఏటా ఇంటికి సున్నం కొట్టుకోని మనిషి లేదు, సున్నం ఉడికే చప్పుడు ఎరగని చెవి లేదు. ఒక్కొక్క మొహంలో సంగతి తేటపడుతూ వచ్చింది. ఒకావిడ తన ఖాళీ బిందెను చూసుకుని కొంగు కింద దాచింది. అయ్యవారు చదువుతున్నది మధ్యలో ఆపేశాడు. ముందు నోరు తెరిచినవాళ్ళదే ముందు తెలివితక్కువతనం అవుతుంది కాబట్టి అందరూ పక్కవాళ్ళ కోసం చూశారు.

"అట్ల చూడండి," అంది వెంకాయమ్మ. సున్నం మీద ఈ కొస నుంచి ఆ కొసకు వంకరటింకరగా ఒక గీత, పాము పోయిన జాడ. "పుట్ట యాడికీ పోలేదమ్మా. ఆ మన్ను మేస్త్రీ ఈ గోడకే మెత్తినాడు. ఇంక ఇదే పుట్ట. దీపం పెట్టే మనిషి ఒకరు ఇందులో ఉండాల గదా."

ఇంటి ఆడపడుచు అయితే శ్రేష్ఠమని అయ్యవారు తక్షణం అన్నాడు. రెండు వీధులూ ఒకేసారి చేతులు జోడించాయి. అంత గట్టిగా జోడించడం పొద్దున కూడా ఎవరూ చేయలేదు. జిలాని నోరు తెరవబోతే ఉమామహేశ్వర్లు అతని కాలు తొక్కాడు.

అందరూ వెళ్ళాక సరస్వతమ్మ వెన్న తెచ్చి వెంకాయమ్మ ఎదురుగా కూర్చుని, కొంగు విప్పి వేలు చూసింది. కొస బొబ్బలెక్కి తెల్లగా పాలిపోయి ఉంది.

"నాగేంద్రుడు ముట్టిన వేలా వదినా?"

"అవును సరస్వతీ."

"సున్నం ముట్టినట్టే పొక్కింది," అని సరస్వతమ్మ నెమ్మదిగా వెన్న రాసింది. చాలాసేపు రాసింది. "మొదటి చెంబు నేనే పోసినా వదినా. నువ్వింక ఈ జన్మకు యాడికీ పోయేది లేదు." వెంకాయమ్మ ఏడాదిగా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు, ఈసారి సున్నం పొగ లేకుండానే.

పాలతో ఉడికిన ఆ సున్నాన్నే జిలాని ఆ గదికి పూశాడు. ఆ తర్వాత ఆ వీధిలో ఎవరింట సున్నం ఉడకబెట్టినా ముందుగా మేస్త్రీ చేతికి చెంబెడు పాలివ్వడం ఆనవాయితీ అయింది. అందులో సగం అతని టీలోకి పోతాయని అందరికీ తెలిసినా, అడిగినవాళ్ళు మాత్రం లేరు.