చిన్నదొర నోటికి మొదటి బహుమతి

"ఒక సమాజపు నాగరికత దాని కుక్కల పళ్ళలో కనిపిస్తుంది" అని కాలనీ ప్రెసిడెంటు సర్వసభ్య సమావేశంలో ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. వెంటనే తీర్మానం: ప్రతి ఇంటివారూ కుక్కకు రెండు పూటలా పళ్ళు తోమాలి, తోమినట్టు పుస్తకంలో సంతకం పెట్టాలి, ఏడాది చివర పశువుల డాక్టరు నోళ్ళు తనిఖీ చేసి బహుమతి ఇవ్వాలి. మర్నాడు పిల్లులకు మినహాయింపు దొరికింది. సెక్రటరీ ఇంట్లో పిల్లి ఉంది. దాని పళ్ళు ఒక్క పూట తోమబోయిన ఆయన ఆ మినహాయింపును కట్టు కట్టిన చేత్తోనే రాశాడు.

గేటు పక్కన కుక్కల సామాన్ల కొట్టు నడిపే షావుకారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మనుషుల మాటలు ఆయన నమ్మడు, వాళ్ళు కొనే సామాన్లు నమ్ముతాడు. ఆనాటి నుంచి ప్రెసిడెంటు ఇంటికి నెలనెలా కొత్త బ్రష్షు వెళ్ళింది. కానీ వాళ్ళ కుక్క చిన్నదొరకు అంతకు ఆరు నెలల ముందు నుంచే జావలాంటి మెత్తటి తిండి తప్ప ఇంకేదీ వెళ్ళడం లేదు. షావుకారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

తనిఖీకి మూడు రోజుల ముందు ప్రెసిడెంటు స్వయంగా కొట్టుకు వచ్చాడు.

"ఏమయ్యా, మార్కుల కాగితం నువ్వే తయారుచేస్తున్నావటగా?"

"బహుమతి మా కొట్టుదే కదండీ. డాక్టరుగారు ఆ పనీ నన్నే చూడమన్నారు."

"నీ కొట్టు లీజు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. ఆదివారం తనిఖీ అయ్యాక తీరిగ్గా చూస్తాలే. మా చిన్నదొరకి ఓడిపోవడం అలవాటు లేదు."

"వాడి పళ్ళు ఎలా ఉన్నాయండీ?"

ప్రెసిడెంటు రోడ్డు వైపు చూశాడు. "ఎక్కడున్నాయి? అన్నీ పుచ్చిపోతే పీకించేశాం."

"పుస్తకంలో రెండు పూటలా మీ సంతకాలు ఉన్నాయి కదండీ."

"సంతకానికి పళ్ళెందుకయ్యా?"

పన్నెండేళ్ళుగా షావుకారు ఇల్లు గడుస్తున్నది ఆ కొట్టు మీదే. ఆయన కాగితం మీద నాలుగు గళ్ళు గీశాడు: పుచ్చు, గార, చిగుళ్ళ వాపు, దుర్వాసన. ఉన్న ప్రతి లోపానికీ ఒక మార్కు కోత. పళ్ళెన్ని అన్న గడి గీయలేదు.

ఆదివారం తనిఖీకి కాలనీలో ఉండే టీచరమ్మ తన నల్లకుక్క బొగ్గును తెచ్చింది. రోజూ నేల మీద కూర్చుని, దాని పెదవి ఎత్తి, వెనక దవడ పళ్ళ దాకా తోమే మనిషి ఆవిడ. నలభై రెండు పళ్ళూ తళతళలాడుతున్నాయి. ఒకదాని కొన విరిగి, అక్కడ చిగురు కాస్త వాచింది. మార్కు పోయింది.

తరవాత చిన్నదొర ఆవలించాడు. డాక్టరు నోట్లోకి చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ నోట్లోకి చూశాడు. ఆయన క్లినిక్కు కూడా కాలనీ స్థలంలోనే ఉంది.

"పుచ్చు లేదు. గార లేదు. వాపు లేదు, వాసనా లేదు" అని గట్టిగా చదివాడు. "నా సర్వీసులో ఇంత మచ్చలేని నోరు చూడలేదు."

మొదటి బహుమతి ఏడాదికి సరిపడా నమిలే ఎముకలు. సాయంత్రానికి లీజు మీద సంతకం పడింది.

మర్నాడు ప్రెసిడెంటు భార్య ఆ ఎముకల సంచీతో కొట్టుకు వచ్చింది. "ఇవి తీసుకుని మెత్తటిది ఇవ్వండి" అని గొంతు తగ్గించి అడిగి, మార్చుకుని వెళ్ళింది. వెనకే నిలబడ్డ టీచరమ్మ సంచీ వైపు, షావుకారు వైపు చూసింది.

"బొగ్గుకి కూడా అన్నీ పీకించేస్తే వచ్చే ఏడు ఫస్టు వస్తుందాండీ?"

"అంత పని చెయ్యకండమ్మా. వచ్చే ఏడు పళ్ళ లెక్కకి ఇంకో గడి గీస్తాను."

"ఈ ఏడు ఎందుకు గీయలేదు?"

"కాగితంలో చోటు చాలలేదమ్మా."

టీచరమ్మ గోడకు అంటించిన మార్కుల కాగితం దగ్గరికి వెళ్ళింది. నాలుగు గళ్ళ పక్కన సగం కాగితం తెల్లగానే ఉంది.