బక్కవి బతికిన వారం

సోమవారం ఉదయం పరిశోధక విద్యార్థిని అనుకున్న పని చిన్నదే. తొమ్మిదిన్నరకు బాక్టీరియా ప్లేట్లకు అతినీలలోహిత కాంతి చూపించాలి, గంటన్నరసేపు చీకట్లో ఉంచాలి, మర్నాడు బతికినవాటిని లెక్కపెట్టాలి. ఆ కాంతి బాక్టీరియా డీఎన్ఏను దెబ్బతీస్తుంది. మామూలు బాక్టీరియాలో ఆ దెబ్బను బాగుచేసే జన్యువు ఉంటుంది కాబట్టి చాలావరకు బతుకుతాయి. ఆ జన్యువు లేని రకాన్ని ప్రయోగశాలలో అందరూ ‘బక్కవి’ అనేవారు. బక్కవి చస్తాయి. ఎన్ని చచ్చాయో రాస్తే ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయం పూర్తవుతుంది.

చీకటి కోసం ఆమె ఎంచుకున్న చోటు తన పరిశోధనకు గైడైన మాస్టారి గది. భార్య పోయిన దగ్గర్నుంచి, ఎనిమిది నెలలుగా, ఆయన కిటికీ తెర తియ్యలేదు. పదింటికి వెళ్లి పాఠం చెప్పడం, పదకొండుకు వచ్చి ఆ చీకట్లో కూర్చోవడం, అంతే. మొదట్లో అందరూ బాధపడ్డారు. తర్వాత అలవాటుపడ్డారు. ఆ తర్వాత, సిగ్గుపడుతూనే, వాడుకోవడం మొదలుపెట్టారు. ప్లేట్లకు నల్ల కాగితం చుట్టే పని తప్పింది.

మంగళవారం పొద్దున్నే లెక్కపెడితే బక్కవి రెండు వందలకు పైగా బతికి ఉన్నాయి. ఎప్పుడూ మూడో నాలుగో మిగిలేవి. రెండు రకాల బాక్టీరియా గొట్టాలు తారుమారు చేశానేమోనని విద్యార్థినికి ఏడుపొక్కటే తక్కువ. వెళ్లి మాస్టారికి చెప్పింది. ఆయన లేచి వచ్చి గొట్టాలన్నీ స్వయంగా పరీక్షించారు. ఎనిమిది నెలల్లో ఆయన ప్రయోగశాల బల్ల దగ్గర నిలబడటం అదే మొదలు. తప్పేమీ కనబడలేదు. ఇంకోసారి చెయ్యమన్నారు. చేసింది. బుధవారం కూడా బక్కవి బతికాయి.

ఎవరికీ తెలియని మరమ్మతు జన్యువు ఇంకోటి ఉందేమోనని మాస్టారు డైరెక్టరు దగ్గర ఒక అనుమానం వెలిబుచ్చారు. మధ్యాహ్నానికి డైరెక్టరు ఆ అనుమానాన్ని నమ్మకం చేశాడు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద అది కొత్త జన్యువైంది. శుక్రవారం పదకొండింటికి నలుగురు నిపుణులు రావడానికి ఒప్పుకున్నారు కూడా.

గురువారం మాస్టారు క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. కాఫీలో నీళ్లెక్కువయ్యాయని కాంటీన్‌లో గొడవపెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసి ప్రయోగశాలంతా సంతోషించింది.

శుక్రవారం పదిన్నరకు, మరిచిపోయిన నోటుపుస్తకం కోసం విద్యార్థిని మాస్టారి గది తలుపు తీసింది. గదినిండా ఎండ. ఆనాటి ప్లేట్లు కిటికీ కింద మెరుస్తున్నాయి. గాజుసామాను కడిగే పెద్దమ్మ స్టూలెక్కి, మాస్టారి భార్య ఫొటో తుడుస్తోంది.

“ఇదేంటి పెద్దమ్మా?”

“ఏం లేదు తల్లీ. అమ్మగారి ఫొటోకి బూజు పట్టేసింది. ఎండ తగిలితే పోతుందని సోమవారం నుంచి ఆయన పాఠానికెళ్లగానే తెర తీస్తున్నా, వచ్చేలోపు వేసేస్తున్నా. నీ పళ్లేలు మాత్రం ముట్టుకోలేదు, ఒట్టు.”

“ముట్టుకోవాల్సిన పని లేదులే” అంటూ విద్యార్థిని మాస్టారి కుర్చీలో కూలబడింది.

కొత్త జన్యువు ఏదీ లేదు. బాక్టీరియాలో, బక్కవాటిలో సైతం, ఇంకో మరమ్మతు ఏర్పాటు ఉంది. వెలుతురు పడితేనే అది పనిచేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతే. మూడో అధ్యాయం పోతే మళ్లీ రాసుకోవచ్చు. ఈ మాట దాస్తే నలుగురి ముందు మాస్టారి పరువు పోతుంది. చెబితే ఆయన మళ్లీ తెర వేసుకుని ఈ కుర్చీలోనే కూర్చుంటారు. ఏది మేలో ఆమెకు తోచలేదు.

తెర వేసేస్తే ఎవరికీ తెలియదని పెద్దమ్మ సలహా చెబుతుండగానే, పాఠం త్వరగా ముగించుకున్న మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన కిటికీని చూశారు, ప్లేట్లను చూశారు, పెద్దమ్మ వెనక్కి దాచిన గుడ్డను చూశారు. ఫొటోను మాత్రం చాలాసేపు చూశారు. ఆపైన మెల్లగా నవ్వారు.

“ఇరవై ఏళ్లు చెప్పానమ్మా ఈ పాఠం. పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చాను. బాగుచేసుకునేది వాటిలోనే ఉంటుంది, కాస్త వెలుతురు తగలాలంతే.”

“వాళ్లకి ఏం చెబుదాం మాస్టారూ?”

“ఉన్నదే చెబుదాం. వాళ్లూ మర్చిపోయే ఉంటారు.”

పదకొండింటికి నిపుణుల ముందు నిలబడి నలభై నిమిషాలు చెప్పారు. డైరెక్టరు నేల చూపులు చూశాడు. నిపుణుల్లో ముగ్గురు రాసుకున్నారు.

మాస్టారు తిరిగొచ్చేసరికి పెద్దమ్మ తెర అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన కుర్చీని ఫొటో వైపు తిప్పుకుని కూర్చున్నారు.

“ఉండనివ్వండి పెద్దమ్మా. బూజు ఇంకా పూర్తిగా పోలేదు.”

అప్పటినుంచి విద్యార్థిని తన ప్లేట్లను చీపుర్ల అల్మారాలో పెడుతోంది. దాని తాళంచెవి పెద్దమ్మకు ఇవ్వడం లేదు.