రంగు ఆరని బెంచీలు

ఆ ఉదయం మనీవోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి నార్వే నుంచి ప్రొఫెసర్ హాల్డిస్ వస్తుంది, నది అవతలి ఊళ్లో మామ్మల చదువుల క్లాసు చూస్తుంది, రెండో ఏడాది నిధులకు సంతకం పెడుతుంది, అందరూ కలిసి జిగురన్నం తిని ఇళ్లకు పోతారు. మనీవోన్ లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో ఒక విశ్వవిద్యాలయపు విద్యాశాఖలో లెక్చరర్. ఆ క్లాసంటే ఆమెకు ప్రాణం.

చిక్కల్లా ఒక్కటే. మామ్మలందరికీ చదువు వచ్చేసింది.

"ఇదేం ఖర్మ! దరఖాస్తులో చదువురానివాళ్లు పద్నాలుగు మందని రాసుకున్నాం. ఒక్కరైనా మిగల్లేదా?" పరీక్ష కాగితాలు చూసి డీన్ ఖంఫేత్ నెత్తి పట్టుకున్నాడు.

"బాగా చెప్పేశాను సార్," అంది మనీవోన్, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"అంత బాగా ఎవరు చెప్పమన్నారు? చదువురానివాళ్లే లేకపోతే క్లాసెందుకు, మూసెయ్యమంటారు. ఇవాళ ఒక్కపూట రానట్టు ఉండమని చెప్పు."

మనీవోన్‌కు అది నచ్చలేదు. కానీ క్లాసు మూతపడి, ఆ మామ్మల వెటకారాలు వినకుండా వారం గడపడం ఇంకా నచ్చలేదు. వెళ్లి చెప్పింది. అందరికంటే పెద్దది, అందరి మీదా పెత్తనం చేసేది పెంగ్ మామ్మ. ఆవిడకు పండగే అయింది.

"అదెంత పని అమ్మాయ్! డెబ్బై ఏళ్లు రాకుండానే ఉన్నాను, ఇంకో పూట ఉండలేనా? ఒసేయ్, వినండే! ఏ అక్షరం కనపడినా చూడనట్టే!"

ఇక డీన్ సంగతి. అతిథి వస్తోందంటే దేనికో దానికి రంగు వేయించకుండా ఆయనకు తోచదు. ముందురోజే బెంచీలన్నిటికీ నీలం రంగు పూయించాడు. ముసురుకి అది ఆరలేదు. పొద్దున్నే చూసి గాభరాపడి, కింద చాపలు పరిపించి, ముత్యాల్లాంటి చేతిరాతతో బెంచీ బెంచీకీ లావో లిపిలో అట్టలు తగిలించాడు: "రంగు ఆరలేదు, కూర్చోకండి." ఇంగ్లీషులో మాత్రం రాయలేదు. అతిథి కోసమే హడావుడిగా రంగులేశారని తెలిస్తే పరువు పోదూ!

మామ్మలు పెళ్లిళ్లకు దాచుకున్న పట్టు సిన్‌లు నడుముకు చుట్టుకుని బారుగా వచ్చారు. అతిథి గుమ్మంలోనే ఉంది. పెంగ్ మామ్మ అట్టను చూసింది. తన చేత్తో నేసుకున్న సిన్‌ను ఒకసారి నిమురుకుంది. ఠీవిగా వెళ్లి బెంచీ మీద కూర్చుంది. వెనకే పదమూడు మంది కూర్చున్నారు.

"మామ్మా, చాప మీద..." మనీవోన్ గుసగుసలాడింది.

"నాకు చదువు రాదమ్మా!" అని గట్టిగా అరిచింది మామ్మ.

అందరూ కూర్చున్నారు కదా అని హాల్డిస్ కూడా తెల్ల ప్యాంటుతో పెంగ్ మామ్మ పక్కన కూర్చుని, డీన్‌కు కాస్త చోటిచ్చింది. అతిథి పిలిస్తే నిలబడి ఉండటం మర్యాద కాదు. ఆయన తను రాసిన అట్టను తనే ఇంకోసారి చదువుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

పాఠం సగంలో హాల్డిస్ లేవబోయింది. బెంచీ వదల్లేదు. "ఈ అట్ట మీద ఏం రాసుంది?" అని అడిగింది. మనీవోన్ ఆ ప్రశ్నను లావోలో అందరికీ చెప్పింది.

"స్వాగతం అని చెప్పు," అన్నాడు డీన్.

అంతే, పెంగ్ మామ్మకు ఒళ్లు మండిపోయింది. "స్వాగతమా? నా సిన్ తగలేసుకుంది అందుకా?" అక్షరం అక్షరం వేలుపెట్టి చదివింది. "రంగు ఆరలేదు, కూర్చోకండి! ఎక్కడయ్యా ఇందులో స్వాగతం?"

క్లాసు గతి ఇంతేననుకుంది మనీవోన్. ఇంకేం దాస్తుంది? మొదటి నుంచీ జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పేసింది. హాల్డిస్ వరసగా నీలంగా మారిన సిన్‌లను చూసింది, తన ప్యాంటు చూసుకుంది, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"అంటే ఈ గదిలో చదువురానిది నేనొక్కదాన్నే. వచ్చే ఏడాది పక్క ఊళ్లకు వీళ్లే పంతులమ్మలు. ముందు నాకు చెప్పమనండి," అంటూ నీలం వేళ్లతోనే సంతకం పెట్టింది. మనీవోన్ ఆనందం పట్టలేక పెంగ్ మామ్మను కావిలించుకుంది, తన బట్టలకూ రంగు అంటించుకుంది.

ఆ ఏడాది నివేదికలో కొత్తగా చేరిన చదువురానివాళ్లు ఒక్కరేననీ, ఆ ఒక్కరూ కాస్త మందమనీ పెంగ్ మామ్మ స్వదస్తూరీతో రాసింది.